పొరుగింటి నిప్పు

గిన్నెలో సముద్రపు నాచు పొడి కరిగి జావలా చిక్కబడుతుంటే జయరావు నిదానంగా కలుపుతున్నాడు. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారి, ల్యాబు గోడలు నీళ్ళలో తేలుతున్నట్టు ఊగాయి. చల్లారితే ఇదే క్రిములు పెంచే గాజుపళ్ళేల్లో లేత తేనెరంగు పొరవుతుంది.

గుంటూరులో ఆ ఆసుపత్రికి అటెండరుగా వచ్చి ఇరవయ్యారేళ్ళు. పళ్ళేలు కడిగి కడిగి వేళ్ళ గీతలు అరిగిపోయాయి. కొత్తల్లో పళ్ళెంలో పెట్టిన మందుబిళ్ళ చుట్టూ క్రిములు చచ్చిన మేర చంద్రుడి చుట్టూ వరదగుడిలా కనిపించేది. ఏటికేడు ఆ గుళ్ళు కుంచించుకుపోయాయి.

రెండువేల మూడు ఫిబ్రవరిలో, ఆ పొద్దున, పదహారో మంచం వెంకటేశ్వరమ్మ పుండు చీము పెట్టిన పళ్ళెంలో ఒక్క గుడీ లేదు.

చిలకలూరిపేట దగ్గర ఆమెది కౌలు పత్తిచేను. కుడిపాదంలో పత్తిమోడు దిగితే రెండురోజులు ఒక బిళ్ళ, మూడురోజులు మరో బిళ్ళ మింగి పనిలోకి పోయింది. పుండు మోకాలిదాకా పాకింది. మందు దొరికిందో లేదో ముందు తనకే చెప్పమని జయరావుని రోజూ అడిగేది.

మందుని తట్టుకునే గుణాన్ని క్రిములు ఆనుకుని ఒకదానికొకటి ఇచ్చుకుంటాయని, వేరే జాతివాటికీ పంచుతాయని ల్యాబు డాక్టరు దీప్తి గారు చెప్పి, రిపోర్టు చేతికిచ్చారు. వార్డులో డాక్టరుకి అది ఇచ్చేసి తిరిగి రావచ్చు. జయరావు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఏ రోగి పక్కనా కూర్చోలేదు.

“అన్ని మందులూ పెట్టి చూశారక్కా. దేనికీ లొంగట్లేదు,” అన్నాడు. దీప్తి గారి మాటలు తనకి అర్థమైనట్టు చెప్పాడు.

ఆమె మోకాలి మీద దుప్పటి సర్దుకుంది.

“పొరుగింట్లో నిప్పు అడిగి తెచ్చుకున్నట్టన్నమాట తమ్ముడూ. ఇచ్చినోళ్ళ పొయ్యేమీ ఆరదు.”

కిటికీ తీయమంది. మిర్చియార్డు వైపు నుంచి గాలికి ఘాటు లోపలికొచ్చింది. వార్డంతా దగ్గింది. ఆమె మాత్రం చేలో నిలబడినట్టు గుండెనిండా పీల్చుకుంది. ఆమెకి నిద్రపట్టేదాకా జయరావు అక్కడే ఉన్నాడు.

మధ్యాహ్నం పళ్ళేలు ఆరబెడుతుంటే నర్సు కరీమున్ వచ్చి, పదహారో మంచం ఖాళీ అయిందని మెల్లగా చెప్పింది. జయరావు తడిచేతులు తుడుచుకున్నాడు. వెంకటేశ్వరమ్మ పళ్ళేన్ని రెండుచేతులా తీసి, క్రిములు చచ్చేలా ఆవిరి యంత్రంలో పెట్టి మూత బిగించాడు.

సాయంత్రం వార్డుకి వెళ్ళేసరికి ఆమెవాళ్ళు వెళ్ళిపోయారు. దుప్పటి మార్చేశారు. మంచం కింద ఒక్క ఎడమకాలి చెప్పు మిగిలింది, అడుగున నల్లరేగడి మట్టి అంటుకుని.