శత్రువు పెట్టిన పేరు

వెన్యామిన్ లూకిచ్ చుప్రోవ్‌కి డెబ్బై ఏళ్లు నిండాయి గానీ, ఇంట్లో ఫ్రిజ్ తలుపు బిగించడం మాత్రం చేతకాలేదు. ఈ సంగతి ఆయన భార్య కాపా నోట మా బిల్డింగు మెట్ల మీద వినని వాళ్లు లేరు.

"కాలితో తన్నితే గానీ మూతపడదమ్మా! ముప్ఫై ఒక్కేళ్లు ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీలో వెలగబెట్టిన మొగుడు ఇంట్లో ఉండి ఏం లాభం?"

మా ఫ్యాక్టరీకి రెండు గేట్లు. మొదటి గేటు లోపల నిజంగానే ఫ్రిజ్‌లు చేసేవారు. రెండో గేటు లోపల ఏం చేసేవారో ఊరంతటికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. వెన్యామిన్ రోజూ మొదటి గేటులో దూరి, ఫ్రిజ్‌ల షెడ్డు వెనకగా రెండో వైపుకి జారుకునేవాడు. శత్రు విమానాలను కూల్చే క్షిపణి ఒకటి ఆయన బుర్రలోంచే పుట్టింది మరి! కాగితాల్లో దానికి పేరైనా లేదు, ఒట్టి అంకె. దాని గురించి చచ్చేదాకా ఎవరికీ, పెళ్లానికి కూడా, చెప్పనని సంతకం పెట్టాడు. పెట్టిన సంతకానికి కట్టుబడే మొండిఘటం ఆయన.

ఏటా వేసవిలో రెండు నెలలు కజక్ బయళ్లకి పరీక్షలకి పోవాల్సి వచ్చేది. "ఎండకి ఫ్రిజ్‌లు ఆగుతాయో లేదో చూడాలి కదే" అనేవాడు. కాపా నమ్మేది. పగలంతా ఫ్రిజ్‌ల మధ్య తిరిగే మనిషికి కాళ్లు చల్లబడిపోతాయని, ఏటా ఒక జత ఉన్ని మేజోళ్లు అల్లి పెట్టెలో సర్దేది. పాపం, ఇల్లాలు!

ఎర్రజెండా దిగి దేశం పేరు మారిన మూడేళ్లకి, స్టేషన్ దగ్గరి పుస్తకాల కొట్లో ఒక పుస్తకం వచ్చింది. మన క్షిపణులకి అవతలి అమెరికా వాళ్లు పెట్టుకున్న పేర్లన్నీ అందులో ఉన్నాయి. పై అంతస్తు ఎదుఆర్ద్ ఫోమిచ్ దాన్ని ఆవిరి స్నానాల గదికే పట్టుకొచ్చాడు. ఆయనా రెండో గేటు మనిషే, కాకపోతే ఆ గేటులోంచే ఛాతీ విరుచుకుని వెళ్లొచ్చినవాడు.

"ఏమోయ్ వేన్యా, చూశావా? నా దానికి తేలు అని పెట్టారు. తేలు!"

వెన్యామిన్ బల్ల మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుగా నిద్ర పట్టనప్పుడల్లా ఆయన ఊహించుకున్నది ఇదే. గద్ద అని ఉంటారా? పిడుగు అని ఉంటారా?

"మరి నాదో?"

"నీదా? పెనం."

"ఏ పెనం?"

"అట్లు పోసుకునే పెనమోయ్! గ్రిడిల్ అట, వాళ్ల భాషలో. నేల మీద నుంచి విమానాల మీదికి వదిలేవాటికి 'జి' అక్షరంతోనే పెట్టాలట. రేడియో ఎంత గరగరలాడినా తెలియాలట. పొగిడినట్టు మాత్రం ఉండకూడదట. నీ విషయంలో ఆ ఆఖరి నియమం బాగా పాటించారు!"

వెన్యామిన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు వీపు కూడా సరిగ్గా తోముకోకుండా ఇంటికొచ్చేశాడు.

వారం తిరక్కుండా ఊళ్లో కొత్తగా తెరవబోయే మ్యూజియం చూసుకునే ఇనెస్సా అనే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. కాపా అప్పుడు రొట్టె కోసం వరసలో నిలబడి ఉంది.

"మీ క్షిపణిని మా వాకిట్లో నిలబెడుతున్నామండీ. బోర్డు మీద ఏం రాయాలన్నదే తంటా. మన కాగితాల్లో దానికి పేరే లేదట. ఉన్న ఒక్క అంకె ఇంకా రహస్యమేనట. శత్రువులు పెట్టిన పేరైతే స్టేషన్లో అమ్ముతున్నారు కాబట్టి రాసుకోవచ్చని రహస్యాల సంగతి చూసే మేజర్ గారు తేల్చేశారు."

"పెనం అని రాస్తావా తల్లీ?"

"రాయకపోతే బోర్డే లేదండీ. రాస్తే కింద మీ పేరూ వేస్తాం. ఈ కాగితం మీద మీ సంతకం కావాలి."

"అయితే మా ఆవిడకి చెప్పుకోవచ్చా?"

"చెప్పకూడదండీ, మీరు ఒట్టేశారుగా. కానీ ఆవిడకి చదవడం వచ్చు కదా!"

కాగితం పుచ్చుకుని రెండు రోజులు గింజుకున్నాడు. చచ్చేలోగా తానేమిటో కాపాకి తెలియాలి. తెలియడానికి ఉన్నది ఒక్కటే దారి, ఆ దారికి అడ్డంగా పెనం! మూడో సాయంత్రం పై అంతస్తు నుంచి ఎదుఆర్ద్ నవ్వు వినిపిస్తే, కాపా టీ పోస్తూ నిట్టూర్చింది.

"అమెరికానే వణికించిన మనిషి ఆయన! పోనీలే, నువ్వేం బెంగపెట్టుకోకు వేన్యా. తలుపు బందులు చేసేవాడు కూడా ఒకడుండాలిగా" అంటూ ఆయన బట్టతల నిమిరింది.

ఆ నిమరడంతో ఆయనకి ఒళ్లు మండింది. టీ కప్పు పక్కకి నెట్టి అక్కడికక్కడే సంతకం గీకేశాడు.

మ్యూజియం తెరిచింది చలికాలాన్ని సాగనంపే అట్ల పండగ వారంలో. వేడి వేడి బ్లినీ అట్లు ఊరికే పెడుతున్నారంటే కాపా కూడా బయల్దేరింది. ఎదుఆర్ద్ పతకాలన్నీ తగిలించుకొచ్చాడు. ఇనెస్సా బోర్డు మీది గుడ్డ లాగింది. చేతిలో అట్టు పట్టుకునే కాపా కళ్లజోడు పెట్టుకుని, బోర్డు పైకే చదివింది.

"గ్రిడిల్, అంటే పెనం. విమానాలను కూల్చే క్షిపణి. ప్రధాన రూపకర్త... వె. లూ. చుప్రోవ్."

రెండోసారి చదివింది. ఈసారి శబ్దం రాలేదు.

"చూశారా, కాపా గారూ! మీ ఆయన ఫ్రిజ్ నుంచి పెనానికి ఎదిగాడండోయ్!" అన్నాడు ఎదుఆర్ద్. జనం గొల్లుమన్నారు. కాపా నవ్వలేదు. చేతిలో అట్టు ఎదుఆర్ద్ పళ్లెంలో పడేసి, మంచులో గబగబా ఇంటిదారి పట్టింది.

వెన్యామిన్ ఆవిడ వెనకే బయల్దేరాడు. పరిగెత్తలేక, ఆగలేక ఇల్లు చేరేసరికి ఆవిడ కోటైనా విప్పకుండా వంటింట్లో కూర్చుని ఉంది.

"మేజోళ్లు ఏం చేశావు?" అంది.

"ఏ మేజోళ్లు?"

"ముప్ఫై ఒక్క జతలు! కళ్లు కాయలు కాచేలా అల్లాను. నువ్వేమో ఎండలో రాకెట్లు ఎగరేస్తూ కూర్చున్నావు. ఎక్కడ పారేశావు? చెప్పు!"

"పారెయ్యలేదే. వేసుకున్నాను."

"అబద్ధం! నలభై డిగ్రీల ఎండలోనా?"

"అరక్కుండా వెనక్కి తెస్తే నువ్వు అడుగుతావు కదా. మొదటి ఏడు అందుకే వేసుకున్నా." ఆయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "తర్వాత, అవి కాళ్లకి లేకుండా మీట నొక్కాలంటే భయమేసేది. అక్కడి సిపాయి కుర్రాళ్లు నాకో పేరు కూడా పెట్టారు."

"ఏమని?"

"మేజోళ్ల మావయ్య అని."

కాపా కాసేపు ఆయన బూట్ల వంకే చూసింది. తర్వాత ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో ఆయనకి తెలియలేదు. రెండూనూ.

"వెర్రి మొగుడా! ఇన్నేళ్లూ చేతకానివాడివని జాలిపడి, ఆ జాలిలోనే నీ మీద ఇంత ఇష్టం పెంచుకున్నాను. ఇప్పుడీ కొత్తాయన్ని తెచ్చి నా నెత్తిన పెడితే నేనేం చేసుకోను?"

"కొత్తవాడెవడే? నేనే."

ఆవిడ కొంగలా మెడ చాచి ఆయన మొహంలోకి చూసింది. కళ్లు తుడుచుకుంది. కోటు విప్పి, చేతులు కడుక్కుని, పొయ్యి మీద పెనం పెట్టింది.

"అక్కడి అట్టు నోట్లో పెట్టుకోనేలేదు. కూర్చో, మేజోళ్ల మావయ్యా. ముందు మీగడ తీసి, ఆ ఫ్రిజ్ తలుపు తన్ను."

ఆయన తన్నాడు. అది మూతపడలేదు.