చప్పుడు పోయిన యంత్రం

మెకానిక్ హెల్దుర్ స్టూలెక్కి గాలియంత్రం తలుపు తెరిచేసరికి, లెయిదా కళ్లద్దాలు సర్దుకుని అతని చేతుల వంకే చూస్తూ నిలబడింది. తార్తు ఊరి పాలకేంద్రంలో ముప్పై ఏళ్లు పాలలో నీళ్ల కల్తీని కనిపెట్టడమే ఆమె ఉద్యోగం. మనుషులను నమ్మే అలవాటు అక్కడే పోయింది.

అతను పాత ఫిల్టరు బయటకు లాగాడు. దాని అంచున పెన్సిలు గుర్తు ఉంది. కొత్తదని చెప్పి పాతదే దులిపి పెడతాడేమోనని ఏటా ఆమె పెట్టే గుర్తు. హెల్దుర్ ఆ గుర్తు చూసి, కొత్తదాన్ని ఆమె కళ్లముందే విప్పాడు.

బయట మైనస్ పద్దెనిమిది. కిటికీ తీస్తే ఆమె ఊపిరితిత్తులు ఊరుకోవు, మూస్తే గోడలకు బూజు. బయటికి పోయే గాలి వేడిని లోపలికొచ్చే గాలికి అందించే ఆ పెట్టె ఆగితే, ఈ చలికాలం ఆమె ఆసుపత్రిలో గడపవలసిందే.

"వారంనుంచి ఒకటే రొద. చచ్చిపోయిందని చెప్పి కొత్తది అంటగడతావు, అంతేనా?"

"పంతొమ్మిదేళ్లు వచ్చాయమ్మా దీనికి. మామూలుగా పదిహేను, ఇరవై బతుకుతాయి."

"అనుకున్నాలే."

"అంటగట్టడం చేతనైతే ఈపాటికి ఆఫీసులో కూర్చునేవాణ్ణి."

వేడి మార్చే పలకల దిమ్మను స్నానాలతొట్టిలో గోరువెచ్చని నీళ్లతో కడుగుతూ, మధ్యలో తొట్టి అంచు పట్టుకుని ఆగాడు. కాఫీ కోసం ఆయాసం నటిస్తున్నాడనుకుంది. ఇవ్వలేదు. ఇన్నేళ్లలో అతని గురించి ఆమెకు తెలిసింది, గుమ్మం దగ్గర బూట్లు విప్పితే కనబడే మేజోళ్లే. ఎనిమిదేళ్ల కిందటి వరకు వాటి చిరుగులు చక్కగా కుట్టి ఉండేవి. తర్వాత చిల్లులే. ఎవరు కుట్టేవారో, ఎందుకు మానేశారో ఆమె అడగలేదు.

"బేరింగు మార్చాను. ఇంకో నాలుగేళ్లు ఆడుతుంది."

"నువ్వు పూచీనా?"

"నా పూచీ ఏపాటిదిలేమ్మా."

రొద తగ్గింది కానీ పోలేదు. పొడిగుడ్డ తెమ్మన్నాడు. ఆమె తెచ్చేలోగా గది నిశ్శబ్దమైపోయింది.

"ఆపేశావా?"

"నడుస్తోంది."

"మరి చప్పుడేది?"

"పోవాలన్నది మీరేగా."

అతను కుడిచెయ్యి కోటుజేబులో దోపుకుని వెళ్లగానే ఆమె పలుచని కాగితం గాలి లాగే రంధ్రానికి ఆనించి చూసింది. అంటుకుంది. అయినా నమ్మకం కుదరక, చలికాలమంతా రోజూ ఆనించి చూస్తూనే ఉంది.

ఏప్రిల్లో యంత్రం చూడడానికి ఎవరో కొత్తామె వచ్చింది.

"హెల్దుర్ ఏడీ? మొహం చెల్లలేదా?"

"ఫిబ్రవరిలో పోయాడమ్మా. గుండె."

లెయిదా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత, "పెట్టెలో ఏదో మాయ చేసి వెళ్లాడు. చూడు" అంది.

కొత్తామె యంత్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి ఏదో లాగింది. వెంటనే గోడ అదిరి గదంతా రొద. పెట్టెకూ గోడకూ మధ్య ఇరికించి ఉన్నది ఒక ఉన్ని చేతితొడుగు, కుడిచేతిది. లెయిదా రెండు చేతులా అందుకుంది. నాలుగు వేళ్ల చోటు నలిగి అట్టలా అయిపోయింది. బొటనవేలు మాత్రం, లోపల ఇంకా వేలున్నట్టే, గుండ్రంగా నిలబడి ఉంది.