దండుగ బాకీ ఉన్నవాడి ఓటు

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ తమిళనాట కోవిల్‌పట్టిలో ఉండే సీనివాసన్‌కు ఊళ్ళో నిలవలేనంత పని పడేది. మామూలు రోజుల్లో భార్య పొన్నమ్మాళ్‌తో కలిసి బెల్లం పాకం పట్టి, వేరుశనగ గింజలు కలిపి, కడలమిట్టాయి కోసే మనిషి. ఓటింగు రోజు మాత్రం తెల్లవారగానే డబ్బాలు కట్టుకుని అరుప్పుకోట్టై బస్సెక్కేవాడు. ఆ రోజు అక్కడ అంగళ్ళు తెరవరని తెలిసినా వెళ్ళేవాడు.

ఈసారి ఓటింగుకు ఇంకా రెండు వారాలు ఉండగానే కూతురు సంగవి అడ్డం పడింది. ఆమెకు ఇదే మొదటి ఓటు.

"నాయనా, మనం జతగా పోయి ఓటేస్తాం."

"నాకు అరుప్పుకోట్టైలో పని ఉండాది పాపా."

"మూసిన అంగడిలో ఏమి పని?"

పొన్నమ్మాళ్ పకపకా నవ్వింది. సీనివాసన్ నవ్వలేదు. ఒకప్పుడు విరుదునగర్ బస్టాండులో సీటు తగాదా ముదిరి, ఆయన కండక్టరు పన్ను రాలగొట్టి జైలుకు వెళ్ళివచ్చాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనిది ఇప్పుడు చెప్పాడు.

"కోర్టు వేసిన దండుగ, అదే జరిమానా, ఇంకా కొంచెం కట్టేది ఉండాది. దండుగ తీరనోడికి ఓటు లేదంట. పోయి పేరు చెప్తే అక్కడే పోలీసు పట్టుకొంటాడంట. మూక్కన్ చెప్పినాడు."

మూక్కన్ ఆ వీధిలో ఒక అభ్యర్థి తరఫున తిరిగేవాడు. తమవాడికి వెయ్యరని తోచినవాళ్ళకు ఇలాంటి భయాలు అంటించడంలో నేర్పరి. పాఠకులారా, ఇలాంటి మూక్కన్‌లు లేని వీధి మన దేశంలో ఎక్కడైనా ఉందా?

"వాడు చెప్తే అయిపోయిందా? తెలిసినోళ్ళను అడుగుదాం రా," అంటూ సంగవి మరునాడే తండ్రిని విరుదునగర్‌కు లాక్కుపోయింది.

కోర్టు ఆవరణలోని ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో వక్కీలు మహేశ్వరిప్రియ కూర్చుని ఉంది. సీనివాసన్ తమిళంలో మొదలుపెట్టి, తడబడి, "వద్దు పాపా, పోదాం" అని కూతురితో తెలుగులో గొణిగాడు. వక్కీలు నవ్వింది.

"కూర్చోండన్నా. మా ఇంట్లోనూ ఇదే మాట. మేము అరుప్పుకోట్టై మగ్గాలోళ్ళం."

ఆ మాటతో ఆయన కుర్చీ లాక్కుని మొదటినుంచి చెప్పాడు. అంతా విన్నాక ఆమె అడిగింది: "ఓటర్ల పట్టీలో మీ పేరు ఉండాదా?"

"ఉండాది," అంది సంగవి.

"అయితే వెయ్యండి. జైల్లో ఉన్నప్పుడు ఓటు వెయ్యడానికి వీల్లేదు. బయట ఉన్నారు కదా? దండుగ బాకీ ఓటును ఆపదు."

"మరి దండుగ?"

"అది కట్టే తీరాల. కట్టకుంటే కోర్టు ఆస్తి మీదికి రావచ్చు, మళ్ళీ లోపలికీ పంపవచ్చు. గడువు కావాలని ఈరోజే అర్జీ వేస్తాను. అన్నా, ఆ బాకీ కోర్టుది, ఓటు మీది. రెంటికీ ముడిపెట్టినోడు మిమ్మల్ని మోసం చేసినాడు."

బయటికి వచ్చి సీనివాసన్ నూనె పరోటాలు కడుపునిండా తిన్నాడు. ఇన్నేళ్ళూ ఆ ఊరికి వస్తే ఆయనకు మంచినీళ్ళు కూడా దిగేవి కావు. వారం తిరక్కుండానే కోర్టు గడువు ఇచ్చింది.

ఓటింగు రోజు తెల్ల పంచె కట్టి భార్యాబిడ్డలతో వరుసలో నిలబడ్డాడు. పోలీసు దగ్గరికి వస్తుంటే భుజం మీది తువ్వాలు తనంతట తానే చేతిలోకి వచ్చేసింది. ఆ పోలీసు, "ఎండలో ఎందుకయ్యా, పందిరి కిందికి రండి" అని తమిళంలో చెప్పి సాగిపోయాడు. సంగవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

వేలికి సిరాతో బయటికి వచ్చేసరికి వీధి మలుపులో మూక్కన్ ఎదురుపడి తెల్లబోయాడు.

"ఓటేసినాను మూక్కా," అన్నాడు సీనివాసన్. "పోలీసు పట్టుకోలేదు, నీడలో నిలబెట్టినాడు!"

అక్కణ్ణుంచి ఇంటికి పోలేదు. తనలాగే పాత కేసులో జైలుకు వెళ్ళివచ్చి, మూక్కన్ మాట విని తలుపేసుకున్న పాలసామి ఇంటికి వెళ్ళి తట్టాడు.

"మనకు తగదులే అన్నా," అన్నాడు పాలసామి లోపలినుంచి. "మనం తప్పు చేసినోళ్ళం."

"తప్పు చేసినాం, జైలుకు పోయి వచ్చినాం. బాకీ ఉంటే అదీ తీరుస్తాం. ఎవుడో బెదిరించినాడని ఓటు ఇడిచిపెడితే మాత్రం మనకు మనమే ఇంకొక శిక్ష వేసుకున్నట్టు. చొక్కా తొడుక్కో, రా!"