ఒకే బంతి

లేచిపోవడానికి ముహూర్తం పెట్టించిన మనిషి నర్సీపట్నం మొత్తం మీద తలుపులమ్మ ఒక్కతే అయ్యుంటుంది. అదీ తన కోసం కాదు, కోడలి కోసం.

కొడుకు లోవరాజు బండి ప్రమాదంలో పోయి నాలుగేళ్లయింది. కోడలు మణికి తల్లీ తండ్రీ లేరు. బట్టల కొట్లో పని చేసుకుంటూ అత్త దగ్గరే ఉండిపోయింది. ఆ కొట్టుకు కరెంటు పని మీద ఎస్. రాయవరం నుంచి వచ్చే జగదీశ్వరరావు చాన్నాళ్లు తటపటాయించి, చివరికి పెళ్లి చేసుకుందామని అడిగాడు. మా అత్తనడగమంది మణి. అడిగాడు. తలుపులమ్మ కొడుకు ఫొటో ముందు కూర్చుని కరువుతీరా ఏడ్చింది, తర్వాత కళ్లు తుడుచుకుని సరేనంది.

సరేనననిది తలుపులమ్మ మరిది రాజుబాబు. ఇంటి కోడలికి రెండో పెళ్లేమిటి, నలుగురిలో తలెత్తుకు తిరగొద్దా అన్నాడు. చెబితే వినని వాళ్లకు చెప్పకుండా చెయ్యడమే మేలని తలుపులమ్మ తీర్మానించేసింది. విశాఖపట్నంలో ఒక చిన్న గుళ్లో పెళ్లి, సాయంత్రం జగదీశ్వరరావు స్నేహితుడి డాబా మీద భోజనాలు. మహా అయితే పది పన్నెండు మంది. ఊళ్లో మాత్రం కళ్లాసుపత్రికి వెళ్తున్నామని చెప్పుకోవాలి.

వంట మాత్రం తనదేనంది. అనకపోతే ఊరుకునే మనిషా! గొలుగొండ నుంచి నాతవరం దాకా ఎవరింట పెళ్లయినా తలుపులమ్మ గరిటె తిరగాల్సిందే. వందలమందికి వండి అలవాటైన ఆ చెయ్యి పన్నెండు మందికి దిగనంటే దిగనంది. మణి ఎంత మొత్తుకున్నా పెద్ద గంగాళం, రెండు బారెడు గరిటెలు ప్రయాణం కట్టాయి. కళ్లాసుపత్రికి గంగాళం ఎందుకని అడిగితే ఏం చెప్పాలో ఎవరూ ఆలోచించలేదు.

అడగనే అడిగారు. బస్సు కాంప్లెక్సులో సరిగ్గా రాజుబాబే ఎదురయ్యాడు. గంగాళం వైపు చూశాడు. మణి చేతిలోని కొత్త చీర కవరు వైపు చూశాడు. ఎక్కడికి వదినా అన్నాడు.

మణి తల దించుకుంది. ఆ దించిన తల చూసేసరికి తలుపులమ్మకు ఒళ్లు మండిపోయింది. తను జ్వరంతో మంచాన పడితే నుదుటికి తడిగుడ్డ వేసిన పిల్ల, ఒక్కనాడూ విసుక్కోని పిల్ల, ఏం తప్పు చేసిందని దొంగలా ఊరు దాటాలి? ఇలా తల దించుకుని వెళ్లే దారి పెట్టింది తనే కదా అని సిగ్గేసింది.

"పెళ్లికి," అంది. "నా కోడలికి నానే పెళ్లి సేస్తన్నాను. ఆసుపత్రని అబద్ధం ఆడదావనుకున్నాను గానీ, ఇంక ఆడను. ఇష్టవైతే నువ్వూ రా, బోజనం ఎక్కువే ఉంటాది. లేకపోతే బేగి తప్పుకో, బస్సు ఎల్లిపోద్ది."

కాంప్లెక్సులో ఉన్నవాళ్లంతా విన్నారు. రాజుబాబు పక్కకు జరిగాడు. మణి తలెత్తుకుని బస్సెక్కింది. వెనక గంగాళం మోసుకుంటూ తలుపులమ్మ మహారాణిలా ఎక్కింది.

తీరా గుళ్లో పెళ్లి జరుగుతుంటే ఆ మహారాణి డాబా మీద పొయ్యి దగ్గరే ఉండిపోయింది. మొగుణ్ణి, కొడుకుని పోగొట్టుకున్న మనిషి పీటల దగ్గరికి ఎందుకులే అనుకుంది. ఊరి ముందు అంత మాట అనేసిన మనిషికి ఆ ఒక్క జంకూ మిగిలింది.

పొద్దు వాలాక ఆకులు వేశారు. తలుపులమ్మ కొంగు బిగించి అందరికీ అన్నం పెట్టి పప్పు వడ్డించబోతే, మణి తన పక్కనున్న ఖాళీ ఆకు చూపించింది.

"అత్తా, కూకో."

వంటచేసినవాళ్లు ఆఖరి బంతిలో తింటారని, తనకు అదే అలవాటని తలుపులమ్మ నవ్వేసింది.

"ఆఖరి బంతి లేదు. మన పెళ్లికి ఉన్నది ఒకటే బంతి. నువ్వు కూకోకపోతే నాను ముద్ద ముట్టను."

ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టలేదు. జగదీశ్వరరావు లేచి వచ్చి, అత్తగారి చేతిలో గరిటె మెల్లగా తీసుకున్నాడు. గరిటె లేని చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక తలుపులమ్మ ఒక్క క్షణం అలాగే నిలబడి, వచ్చి కూర్చుంది. ఎన్ని పెళ్లిళ్లకు వండిందో లెక్క లేదు గానీ, తన చేతి పప్పు పొగలు కక్కుతుండగా తినడం అదే మొదటిసారి. బాగానే వండుతుంది తను. ఆ సంగతి ఇన్నాళ్లూ జనం చెబితే వినడమే.

పక్క వాటాలో ఉండే పెద్దావిడ సోమలమ్మ వంట మెచ్చుకుంటూ, ఇంతకీ పెళ్లికూతురి తల్లి ఎవరండీ అని అడిగింది.

తలుపులమ్మ ముద్ద మింగింది. వీపు నిటారుగా పెట్టింది.

"నానేనండి," అంది, బంతి చివరిదాకా వినబడేలా. ఆ తర్వాత అల్లుడి వైపు తిరిగి, ఇంకాస్త పప్పు వెయ్యమంది.