మిరుగం నాటి చిక్కుడు మొక్కలు

మిరుగం నాడు, వానలు తెచ్చే మృగశిర కార్తె మొదటి రోజున, మట్టిలో పెట్టింది వట్టిపోదని శ్రావణి పుట్టింట్లో అందరూ అనేవారు. ఆ మాట నమ్మే, ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి, వంటింటి కిటికీలో ఉన్న ఎనిమిది చిక్కుడు మొక్కలనూ పళ్లెంలో పెట్టుకుని డాబా ఎక్కించింది.

అవి ఏడేళ్ల నవ్యవి. ఎండాకాలం సెలవుల్లో చాయ్ తాగే కాగితం గ్లాసుల్లో మట్టి నింపి గింజలు పెట్టింది. రోజూ స్కేలుతో కొలిచి గోడమీది క్యాలెండర్లో రాసుకునేది. మొక్కలు వెలుతురు వైపు మెడలు చాచి, సన్నగా, పాలిపోయి పెరిగాయి. ఎండ తగిలితే గట్టిపడతాయిలే అనుకుంది శ్రావణి. నవ్య వాళ్ల నాన్నతో సుబేదారిలో మేనత్త ఇంటికి వెళ్లింది. వచ్చేసరికి మొక్కలు డాబా మీద కనబడితే ఎగిరి గంతేస్తుందనుకుంది.

తర్వాత చేపలు కడగడం, పులుసు పెట్టడం, బియ్యం ఏరడం. మొక్కల సంగతి మూడింటికి గుర్తొచ్చి పైకి పరిగెత్తింది. ఆకులు తెల్లగా మాడి, కాడలు గ్లాసుల అంచుల మీద వాలిపోయి ఉన్నాయి. రెండే నిలబడ్డాయి. అన్నిటినీ కిందికి తెచ్చి, అసలు కదల్చనట్టే కిటికీలో సర్దేసింది.

సాయంత్రం నవ్య చెప్పులు విప్పకుండానే కిటికీ దగ్గరికి ఉరికింది.

"అమ్మా! ఇవి పండుకున్నయేంది?"

నిజం శ్రావణి నాలుక చివరిదాకా వచ్చింది. తొమ్మిదో తరగతితో బడి మానేసిన తన గురించి, 'మా అమ్మకు అన్నీ ఎరుకే' అని చెప్పుకు తిరిగే మనిషి లోకంలో ఈ పిల్ల ఒక్కతే.

"పొద్దున నీళ్లు పోసినవా బిడ్డా?" అనేసింది.

నవ్య కళ్లు పెద్దవయ్యాయి. "మర్శిపోయిన్నేమో" అంది మెల్లగా.

మర్నాటి నుంచి ఆ పిల్ల రోజుకు నాలుగుసార్లు నీళ్లు పోయడం మొదలుపెట్టింది. అన్నం మధ్యలో లేచి పోసేది. శ్రావణి చూస్తూనే ఉండేది. అసలు సంగతి మాత్రం చెప్పలేదు. నాలుగో రోజుకు మిగిలిన రెండు మొక్కల అడుగు ఆకులూ పసుపు తిరిగాయి.

ఆ పొద్దునే ఇంటి ఓనరు రాజేశ్వరి తోడుకు కాస్త పెరుగు అడగడానికొచ్చి, కిటికీ ముందు ఆగిపోయింది.

"ఏందే, గ్లాసులల్ల చెరువు నింపిన్రు? ఏర్లు మురిగిపోవా?" రాలిన ఆకు ఒకటి తీసి చూసింది. "ఇది నీళ్లు లేక సచ్చింది గాదు, ఎండకు మాడింది. ఎవలు పెట్టిన్రు?"

"నేనే అక్కా," శ్రావణి గొంతు తగ్గించింది. "మిరుగం అచ్చింది గదా అని."

రాజేశ్వరి పగలబడి నవ్వింది. "మిరుగం క్యాలెండర్ల అచ్చింది గని మొగులు మీదికి అచ్చిందా? ఇంట్ల పెరిగినయి గవి. కొత్త కోడలిని దిగిన నాడే పొలానికి తోల్తమా? పొద్దటెండల ఒకనాడు అరగంట, తెల్లారి నాడు గంట, గట్ల జర జర అలవాటు జెయ్యాలె. వారం పోయినంక పెద్ద కుండీల పెట్టి కట్టె పాతు. మట్టి ఎండితేనే నీళ్లు. గంతే చాలు."

పెరుగు గిన్నెతో ఆమె మెట్లు దిగిందో లేదో, నవ్య చెంబు నింపుకుని వచ్చింది. శ్రావణి ఆ చెంబు పట్టుకుంది.

"వద్దు బిడ్డా. మొక్కలు నీ తప్పుతోటి సావలే. నేనే ఎండల పెట్టి మర్శిన."

నవ్య చెంబు వదల్లేదు. "మరి నేను నీళ్లు మర్శిపోలేదా?"

"లేదు."

"పోసిన్నా?"

"పోసినవ్."

"అన్నిట్ల?"

"అన్నిట్ల. నేను సూసిన."

చెంబు వదిలేసింది నవ్య. అమ్మ మొహం వంక చూడకుండా, "ఎప్పట్నుంచి ఎప్పటిదాంక పెట్టినవ్ ఎండల?" అంది.

"తొమ్మిదింటినుంచి మూడింటిదాంక."

వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. ఆరు వేళ్లు. "రేపట్నుంచి నువ్వు గూడ వాటితోటి కూసోవాలె."

మర్నాడు ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. డాబా మీద రెండు గ్లాసుల పక్కన శ్రావణి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నవ్య మెట్ల గది నీడలో ఫోను పట్టుకుని, రాజేశ్వరి చెప్పిన అరగంటకు టైము చూస్తోంది. నడినెత్తి కాలుతుంటే శ్రావణి చెయ్యి తనకు తెలియకుండానే కొంగు మీదికి పోయింది.

"ఊహుఁ," అంది నీడలోంచి నవ్య. "వాటికి కొంగున్నదా?"

శ్రావణి కొంగు దించింది.

"ఇంకెంతసేపు బిడ్డా?"

"ఇయ్యాల ఇంక ఇర్వై నిమిషాలు," అంది నవ్య. "రేపు గంట."