ఒంటరిగా ఉంచకూడదు

ఆకుపొడి డ్రమ్ము మూత తీయగానే ఆమె కళ్ళు భగ్గుమన్నాయి. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆ ఘాటు ఆగదు. మొక్కజొన్న నూక, తవుడు, వాటిమీద ఈ పొడి. ఏవో ఆకులనుంచి తీసిన సారమట. తిన్న పంది నెమ్మదిగా ఉంటుందట, మాంసం ఎర్రగా, మెత్తగా వస్తుందట, పెద్ద హోటళ్ళవాళ్ళు ఎగబడి కొంటారట. అందరూ 'అట' అనేవాళ్ళే. పారతో కలిపేది మాత్రం ఆమె ఒక్కతే.

ఫారంలో ఆమెను మేతక్క అంటారు. అనడానికైనా లోపల ఇంకో మనిషంటూ లేక చాలాకాలమైంది. బయటి రోగం లోపలికి రాకూడదని అక్కడొక కట్టుబాటు ఉంది: ఒక మందకు మేత పెట్టడం మొదలుపెట్టిన మనిషి ఆ మంద అమ్ముడుపోయేదాకా గేటు దాటకూడదు. ఇదివరకు ఇద్దరుండేవారు. పొడి వచ్చాక పందుల కొట్లాటలు తగ్గాయని, ఇక ఒక్క మనిషి చాలన్నాడు యజమాని. రెండో ఆమె వెళ్ళిపోయాక ఆవిడ మంచం ఖాళీగా కనబడకుండా మేతక్క దానిమీద ఉతికిన బట్టలు పరుస్తుంది. పందులను నెమ్మదింపజేసేది తనకు నిద్ర పట్టించదా అని ఒకసారి ఆ పొడిని వేడినీళ్ళలో కలుపుకుని తాగింది. నిద్ర రాలేదు సరికదా, తెల్లార్లూ త్రేన్పులు. నవ్వొచ్చింది. ఆ మాట చెప్పుకుని నవ్వడానికి ఎవరూ లేరని ఏడుపూ వచ్చింది.

వారానికోసారి చెల్లెలు వచ్చి గేటు బయట నిలబడి మాట్లాడిపోతుంది. ఆమెకు నెలలు నిండాయి. మొగుడు లారీ మీద ఎక్కడుంటాడో వాడికే తెలియదు. వీళ్ళ అమ్మ ఈ చెల్లెల్ని కంటూనే పోయింది. ఆ సంగతి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎత్తరు.

"అక్కా, నొప్పులొస్తే నువ్వుంటావుగా?" అని మొన్న చెల్లెలు గేటు ఊచలు పట్టుకుని అడిగింది.

"పిచ్చిమొహమా, ఉండక ఎక్కడికి పోతాను? ఈ వారంతో మంద వెళ్ళిపోతుంది."

మేత కలపడం పూర్తికాకముందే యజమాని వచ్చాడు. స్నానం చేసి, ఫారం బట్టలు కట్టుకుని షెడ్డంతా తిరిగాడు. మూలగదిలో కుంటి పంది ఒక్కటే పడుకుని ఉండడం చూసి మండిపడ్డాడు.

"దీన్ని ఒంటరిగా ఎందుకు పెట్టావు?"

"కాలు బాలేదండి. మిగతావి తొక్కుతున్నాయని పెట్టాను."

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటుంది. మేత ముట్టదు, మాంసం పాడవుతుంది. ఇంత ఖరీదు పొడి పోసి ఏం లాభం? నెమ్మదైనదాన్ని చూసి జత చెయ్యి."

ఆమె ఒక నెమ్మదైన పందిని తోలుకొచ్చింది. కుంటిది దాని వీపుమీద మూతి ఆనించి కళ్ళు మూసుకుంది.

"అన్నట్టు, కొనేవాళ్ళు మాంసానికి ఇంకాస్త రంగు రావాలంటున్నారు. ఇంకో నెల పొడి పెడదాం. నువ్వు ఉండాలి."

"చెల్లెలి కాన్పుకి పోవాలండి. మీకు ముందే చెప్పాను."

"నువ్వేమన్నా మంత్రసానివా? ఆసుపత్రి ఉంది కదా. ఇప్పుడు కొత్తమనిషిని లోపలికి తేవాలంటే ఎంత తంటా! వెళ్ళావంటే మళ్ళీ రావక్కర్లేదు."

ఈ పని పోతే మళ్ళీ దొరకదని మేతక్కకు తెలుసు. పందుల దగ్గర పనిచేసిన మనిషిని ఇంకెవరూ గుమ్మం ఎక్కనివ్వరు. ఆమె జతగా పడుకున్న ఆ రెంటినీ చూస్తూ నిలబడింది.

"ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటుందన్నారు కదండీ?"

"అవును, అయితే?"

"మా చెల్లెలూ అంతేనండి. నేనూ అంతే," అంది.

ఆమె ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి అతని చేతిలో పెట్టింది.

"పొడి కలిపేటప్పుడు కట్టుకోండి. కళ్ళు మండుతాయి, రుద్దుకోకండి."

గేటు దగ్గర ఫారం బూట్లు విప్పింది. వెనక పందులు మేతకోసం అరవడం మొదలుపెట్టాయి. ఏ గదివి ముందు అరుస్తాయో ఆమెకు తెలుసు. కాళ్ళు ఒక్కక్షణం ఆగాయి. ఆ తరవాత గేటు గడియ తనే తీసుకుని, ఉత్తకాళ్ళతో రోడ్డెక్కింది.