ఎడమ కాలు నిండుగా

పక్షవాతం వచ్చి డ్రైవరుకి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాక ఆ ఇంటికొచ్చిన మంచి కబురు ఒక్కటే. దాన్ని మోసుకొచ్చినవాడు కూడా గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆయనతో ఏళ్ళ తరబడి ఒకే బస్సులో తిరిగిన కండక్టరు. "వచ్చే సోమవారం డిపోలో వైద్య పరీక్షట అన్నా. నెగ్గినవాళ్ళని మళ్ళీ బండెక్కిస్తారట" అని చెప్పి, మంచం వైపు సరిగ్గా చూడకుండానే వెళ్ళిపోయాడు.

డ్రైవరు భార్యకి మాత్రం ఆ ఆశ కలగలేదు. బస్సులో క్లచ్ తొక్కాల్సింది ఎడమ కాలితోనే. గోడ పట్టుకుని స్నానాలగది దాకా ఈడ్చుకుంటూ వెళ్ళే ఆ కాలు క్లచ్ తొక్కుతుందనుకోవటం ఎండమావిలో బిందె ముంచటమే. ఆ మాట అనేద్దామని తిరిగి చూసింది. అన్నాళ్ళుగా పాలిపోయి ఉన్న ఆయన మొహంలోకి రక్తం వచ్చింది.

"నా ఖాకీ ప్యాంటు తియ్యవే" అన్నాడు.

తీసింది. తొడిగింది. నడుం దగ్గర రెండు గుప్పిళ్ళ గుడ్డ ఎక్కువైంది. ఎడమ కాలయితే కర్రకి తగిలించిన సంచిలా వేలాడింది. ఆయన అద్దంలో చూసుకుని, "చేలో దిష్టిబొమ్మకైనా ఇంతకన్నా ఒళ్ళుంటుంది" అన్నాడు.

"పోనీ దర్జీని పిలుద్దామా?"

"వద్దు. వాడు ఈ కాలు కొలిచి, దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. నువ్వే కుట్టు."

"దిండు గలేబులు కుట్టుకునేదాన్నండీ నేను. ప్యాంటు ఎప్పుడు కుట్టాను గనక?"

"ప్యాంటంటే ఏముందే? రెండు గలేబులు. పైన కలిపేస్తే సరి."

ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా కాలమైంది. ఆ నవ్వు కోసమే ఆమె ఒప్పుకుంది.

డిపోవాళ్ళు పోయినేడు ఇచ్చిన ఖాకీ గుడ్డ అలమారలో అలాగే ఉంది. పాత ప్యాంటొకటి కుట్లు విప్పి, ముక్కలు నేలమీద పరిచి, వాటి చుట్టూ సుద్దముక్కతో గీసి, వదులు తగ్గేలా గీతకి కాస్త లోపలగా కత్తిరించింది. జిప్పు దగ్గర రెండుసార్లు తప్పింది. విప్పి మళ్ళీ కుట్టింది. ఒంటి చేత్తో కొక్కెం పెట్టుకోలేడని నడుం పట్టీకి చెప్పులకి ఉండేలాంటి, లాగితే చర్రున ఊడే అతుకుపట్టీ వేసి, పైకి మాత్రం ఉత్తుత్తి గుండీ ఒకటి కుట్టింది.

ఒంటిమీద వేసి చూసేందుకు ఆయన అక్కని పిలిపించింది. వదిన ఒక పక్క తమ్ముడి భుజం పట్టుకుంది. ఆయన కుడి చేత్తో అలమార తలుపు పట్టుకుని నిలబడ్డాడు. భార్య గుండుసూదులు పెదాల మధ్య బిగించి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. కుడి కాలు మడత సరిగ్గా మడమ మీద పడింది. ఎడమ వైపు తుంటి కిందికి జారి ఉండటంతో గుడ్డంతా పాదం మీద కుప్పపడింది. అక్కడ ఇంకాస్త పైకి మడిచి గీత గీసింది.

"అదేంటి, అటు కురచ చేస్తున్నావ్?" అన్నాడాయన.

ఆమె సూదులు తీసి అరచేతిలో వేసుకుంది. "కాస్త ఒరుగుతున్నారుగా."

"రెండూ సమానంగా ఉంచు. నేను నిటారుగా నిలబడతాను చూడు."

పళ్ళు బిగపట్టి ఒళ్ళు పైకి లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఒక్క క్షణం తుంటి లేచినట్టే లేచింది, అంతలో మోకాలు మడతపడి మనిషి కుప్పకూలబోయాడు. "ఒరే ఒరే!" అంటూ అక్క వాటేసుకుని ఆపింది. కుర్చీలో కూలబడి ఆయన చాలాసేపు రొప్పాడు.

"సరే, కురచే చెయ్యి. కాని కాలు మాత్రం నిండుగా కనబడాలి" అన్నాడు చివరికి.

ఆమె పాత దుప్పటి చింపి, నాలుగు పొరలు వేసి, ప్యాంటు ఎడమ కాలి లోపల తొడ నుంచి పిక్క దాకా టాకాలు వేసింది. ఆమె వంటింట్లోకి వెళితే వదిన వెనకే వచ్చి గొంతు తగ్గించింది. "వాడు నెగ్గడని నీకూ తెలుసు, నాకూ తెలుసు. చెప్పవేం?"

"మీ తమ్ముడేగా వదినా. మీరే చెప్పండి."

వదిన కుళాయి తిప్పి, శుభ్రంగా ఉన్న చేతులే మళ్ళీ కడుక్కుంది.

సోమవారం డిపోకి వెళ్ళారు. నడవాలో బల్లల మీద కూర్చున్న డ్రైవర్లు లేచి, "అబ్బో, గురువుగారు కోలుకున్నారే!" అంటూ చోటిచ్చారు. ఆయన కాలు చాపి, ప్యాంటు ఇస్త్రీ మడత సవరించుకుని, దొరలా కూర్చున్నాడు. ఆ కాసేపూ ఆమె కూడా నమ్మింది. మనసంత వెర్రిది ఇంకోటి లేదు.

పిలుపొచ్చింది. ఆమెని తెర బయటే ఉండమన్నారు.

"ప్యాంటు తీసేసి పడుకోండి" అన్నాడు డాక్టరు లోపల.

అతుకుపట్టీ చర్రుమంది.

"లోపల ఇదేమిటండీ?"

"దుప్పటి సార్."

డాక్టరు మంచివాడు, ఇంకేమీ అడగలేదు. "మీ ఎడమ పాదంతో నా చేతిని నెట్టండి" అన్నాడు. "ఊఁ, నెట్టండి."

"నెడుతున్నాగా సార్."

తెర ఇవతల ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

కాసేపటికి డాక్టరే తెర తీసి ఆమెని పిలిచాడు. ప్యాంటు తొడుగుతుంటే ఆయన పిల్లాడిలా ఎత్తమన్న కాలు ఎత్తబోయాడు, లేవలేదు. ఆమే ఎత్తింది. వస్తూంటే నడవాలో ఈసారి ఎవరూ గురువుగారని పిలవలేదు. అందరికీ హఠాత్తుగా ఫోన్లలో ఏదో పని పడింది.

గేటు బయట ఆగి, "బాగానే కుట్టావే. విప్పేదాకా ఎవడూ కనిపెట్టలేదు" అన్నాడు.

అది మెప్పో దెప్పో ఆమెకి తెలియలేదు.

ఆ తరవాత ఆయన గోడ పట్టుకుని నడవటం కూడా మానేశాడు. తిండి పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఆ ఖాకీ ప్యాంటు ఇంకెవరికైనా ఇద్దామన్నా, ఒక కాలు కురచైంది ఎవరికి పనికొస్తుంది? వదినే ఓ రోజు, "మంచి రంగుది ఇంకోటి కుట్టు. ఖాకీ చూస్తేనే వాడికి దిగులేమో" అంది. మునిగేవాడికి గడ్డిపోచ. భార్య బజారుకెళ్ళి నీలం గుడ్డ తెచ్చి, టేపు పట్టుకుని మంచం దగ్గర నిలబడింది.

"లేవండి. ఒక్కసారి నడుం కొలుస్తాను."

ఆయన గోడవైపే తిరిగి పడుకున్నాడు. "ఎక్కడికెళ్ళాలని?" అన్నాడు.

ఆమె మనసులో వెతికింది. ఆసుపత్రి తప్ప ఒక్క చోటు పేరు కూడా నోటికి రాలేదు. తానులోంచి కత్తిరించి ఇచ్చిన గుడ్డని దుకాణంవాడు వెనక్కి తీసుకోడు గనక, ఆ మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని దాన్ని దిండు గలేబులుగా కుట్టేసింది.